బెంగళూరు నుంచి విజయవాడ 497 కిలోమీటర్లా, 512 కిలోమీటర్లా? పౌర విమానయాన శాఖకు బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,
పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అధికారులకు,
విమాన టికెట్లు అమ్మే సంస్థల వారికి,

బెంగళూరు నుంచి నమస్కారాలు.

మారతహళ్లి, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల ఉండే తెలుగువారికి విమాన టికెట్లు తీసిపెట్టే పనిలో ఉన్నవాళ్లం మేము. ఈ ఉత్తరం ఛార్జీలు తగ్గించమని కాదు. దూరం, సమయం అని మీరు రాసే రెండు అంకెల గురించి. ఆ అంకెలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో రాయకుండా వదిలేయడం వల్ల జనం డబ్బు, సెలవు, ఒక్కోసారి విమానం కూడా పోగొట్టుకుంటున్నారు.

బెంగళూరు నుంచి హైదరాబాద్‌కు ఎంత దూరం అని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. 455 కిలోమీటర్లు, 500, 570, 610. నాలుగూ నిజమే. దేవనహళ్లి విమానాశ్రయం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి ఆకాశంలో నేరు దూరం సుమారు 455. బెంగళూరు నడిబొడ్డు నుంచి హైదరాబాద్ నడిబొడ్డుకు అదే నేరు గీత గీస్తే 500కి అటూ ఇటూగా వస్తుంది. కర్నూలు మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిలో సుమారు 570. ధర్మవరం మీదుగా కాచిగూడకు పోయే రైలు పట్టాల మీద 610 దగ్గర. టికెట్ల పేజీల్లో, దూరాలు చెప్పే పేజీల్లో ఈ నాలుగింటిలో ఏదో ఒకటి 'దూరం' అన్న ఒక్క మాట కింద కనిపిస్తుంది. ఏది అన్నది మాత్రం ఉండదు.

455కీ 500కీ మధ్య ఉన్న ఆ 45 కిలోమీటర్లు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు, రోడ్డు మీదికి దిగాయి. 2008లో రెండు నగరాలకూ కొత్త విమానాశ్రయాలు వచ్చాయి. మార్చిలో శంషాబాద్, మేలో దేవనహళ్లి. దేవనహళ్లి బెంగళూరుకు ఉత్తరాన, శంషాబాద్ హైదరాబాద్‌కు దక్షిణాన. రెండూ ఒకదానివైపు ఒకటి జరిగాయన్నమాట. విమానం ఎగరాల్సిన దూరం తగ్గింది, ప్రయాణికుడు కారులోనో బస్సులోనో పోవాల్సిన దూరం పెరిగింది. మెజెస్టిక్ నుంచి దేవనహళ్లికి 35 కిలోమీటర్ల పైన. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి అయితే 55కు తక్కువ కాదు. అటు దిగాక మియాపూర్, కూకట్‌పల్లి వెళ్లేవాళ్లకు మరో 40. విమానం ఎగిరే దూరానికి అయిదో వంతు దాకా అదనంగా నేల మీద పోవాలి, ప్రయాణ సమయంలో సగం పైన కూడా అక్కడే పోతుంది.

ఈ తేడా డబ్బుతో ముడిపడినప్పుడు ఏం జరుగుతుందో 2025 డిసెంబరులో చూశాం. దేశమంతటా విమానాలు పెద్ద ఎత్తున రద్దయి టికెట్ల ధరలు ఆకాశాన్నంటినప్పుడు మీ శాఖ డిసెంబరు 6న ధరలకు కళ్లెం వేసింది. 500 కిలోమీటర్ల వరకు రూ.7,500, 500 నుంచి 1,000 వరకు రూ.12,000, 1,000 నుంచి 1,500 వరకు రూ.15,000, ఆ పైన రూ.18,000. పన్నులు, విమానాశ్రయ రుసుములు వీటికి అదనం. అవసరమైన సమయంలో తీసుకున్న మంచి నిర్ణయం అది. అయితే బెంగళూరు-విజయవాడ తీసుకోండి. దేవనహళ్లి నుంచి విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి నేరు దూరం సుమారు 497. బెంగళూరు నగరం నుంచి విజయవాడ నగరానికి నేరు దూరం సుమారు 512. మొదటి లెక్కలో గరిష్ఠ ధర రూ.7,500, రెండో లెక్కలో రూ.12,000. పదిహేను కిలోమీటర్ల తేడాకు నాలుగున్నర వేల రూపాయలు. నలుగురున్న కుటుంబానికి పద్దెనిమిది వేలు. తను కట్టిన ధర పరిమితి లోపల ఉందో లేదో చూసుకోవడానికి ప్రయాణికుడికి దొరికేది ఇంటర్నెట్‌లో కనబడే దూరమే. అందులో కొన్నిచోట్ల 512 ఉంటుంది, మరికొన్నిచోట్ల 640కి పైబడ్డ రోడ్డు దూరం ఉంటుంది. తనను మోసం చేశారో లేదో తేల్చుకునే దారి ఆ మనిషికి లేదు.

అందుకే మొదటి విన్నపం. దూరాన్ని బట్టి ధర, రాయితీ, పరిహారం ఏది నిర్ణయించినా, ఆ ఉత్తర్వులోనే 'ఒక విమానాశ్రయ సూచక బిందువు నుంచి మరో విమానాశ్రయ సూచక బిందువుకు భూగోళం మీద కనిష్ఠ దూరం' అని ఒక్క వాక్యం రాయండి. దాని పక్కనే మార్గాల వారీగా ఆ అంకెల పట్టిక కూడా పెట్టండి. ప్రతి విమానాశ్రయానికీ అధికారికంగా ప్రకటించిన అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. సాధారణంగా రన్‌వే నడిమధ్యలో ఉండే ఆ బిందువునే ప్రపంచమంతా లెక్కకు వాడుతుంది. పట్టిక తయారుచేయడం ఒక మనిషికి ఒక పూట పని.

ఆ లెక్క కష్టమేమీ కాదు, కానీ తప్పులు ఎక్కువ. దేవనహళ్లి అక్షాంశం 13 డిగ్రీల 11 నిమిషాల 56 సెకన్లు. దీన్ని దశాంశంలోకి మార్చాలంటే నిమిషాలను 60తో, సెకన్లను 3,600తో భాగించాలి. అప్పుడు 13.1989 వస్తుంది. తొందరలో 13.1156 అని రాసేస్తారు. అక్కడే తొమ్మిది కిలోమీటర్లు తప్పిపోతాయి. తర్వాత రెండు బిందువుల అక్షాంశాల తేడా, రేఖాంశాల తేడా తీసుకోవాలి. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. ఒక డిగ్రీ రేఖాంశం మాత్రం భూమధ్యరేఖ దగ్గరే అంత, పైకి పోయేకొద్దీ కుంచించుకుపోతుంది. మన 15 డిగ్రీల అక్షాంశం దగ్గర 107 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. ఈ కుదింపు మరిచిపోతే తూర్పుగా పోయే విశాఖ, రాజమండ్రి మార్గాల్లో దూరం ఎక్కువ చూపిస్తుంది, ఉత్తరంగా పోయే హైదరాబాద్‌లో తప్పు బయటపడదు. వచ్చిన రెండు దూరాలనూ వర్గాలు చేసి కలిపి వర్గమూలం తీస్తే మన దగ్గరి నగరాలకు కిలోమీటరు రెండు కిలోమీటర్ల తేడాతో జవాబు వచ్చేస్తుంది. అమెరికా లాంటి దూరాలకు ఇది పనికిరాదు, గోళం మీది త్రికోణమితి సూత్రం వాడాల్సిందే. బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువం మీదుగా పోవడానికి కారణం అదే. గోడమీది పటంలో అది వంకర గీతలా కనిపిస్తుంది.

ఇంకో తప్పు మైళ్లది. విమానాల వాళ్లు నాటికల్ మైళ్లలో మాట్లాడతారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. రోడ్డు మైలు 1.609. హైదరాబాద్ దూరం 245 నాటికల్ మైళ్లు. దాన్ని మామూలు మైళ్లనుకుని మారిస్తే 394 కిలోమీటర్లు వస్తుంది. ఇలాంటి అంకెలు పుట్టి ఒకరి దగ్గర నుంచి ఒకరికి ఎక్కుతూ పోతాయి.

మా లెక్కలో దేవనహళ్లి నుంచి దూరాలు ఇవి. తిరుపతి రేణిగుంట సుమారు 204, కర్నూలు ఓర్వకల్లు 283, హైదరాబాద్ 455, విజయవాడ 497, రాజమండ్రి మధురపూడి 619, విశాఖపట్నం 776, ఢిల్లీ 1,709. దగ్గరి ఊళ్లకు ఒకటి రెండు కిలోమీటర్లు, ఢిల్లీకి ఆరేడు కిలోమీటర్లు అటూ ఇటూ కావచ్చు.

దూరం సంగతి ఇంతటితో సరి. దీనికంటే చిక్కు సమయంతో.

టికెట్ మీద గంటా పదిహేను నిమిషాలు అని ఉంటే అది ఆకాశంలో ఉండే సమయం కాదు. విమానం నిలిపిన చోట చక్రాల అడ్డు దిమ్మెలు తీసి కదిలినప్పటి నుంచి, అవతల నిలిపి మళ్లీ దిమ్మెలు పెట్టేదాకా పట్టే సమయం. దీన్నే మా పనిలో బ్లాక్ టైమ్ అంటాం. పైలట్ మైకులో 'ఎగిరే సమయం 50 నిమిషాలు' అన్నప్పుడు చెప్పేది వేరు. చక్రాలు నేల విడిచినప్పటి నుంచి నేల తాకేదాకా అది. రెండూ నిజాలే. రెండింటికీ 'ఫ్లైట్ టైమ్' అని ఒకే పేరు పెట్టడంతో ప్రయాణికుడు తికమకపడుతున్నాడు.

దూరాన్ని వేగంతో భాగించి సమయం చెప్పే పేజీలు మరీ ఘోరం. జెట్ విమానం గంటకు 830 కిలోమీటర్లు పోతుంది కదా అని 455ను 830తో భాగించి, బెంగళూరు-హైదరాబాద్ 33 నిమిషాలు అని రాసేస్తారు. ఆ వేగం పూర్తి ఎత్తుకు చేరాక మాత్రమే. హైదరాబాద్ లాంటి చిన్న మార్గంలో పూర్తి ఎత్తులో ఉండేది కాస్సేపే. ముప్ఫై వేల అడుగులకు ఎక్కడానికి ఇరవై నిమిషాలు, ఆ ఎక్కుడులోనే 200 కిలోమీటర్లు గడిచిపోతాయి. దిగడానికి పైలట్లు వాడే మోటు లెక్క ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు. ముప్ఫై వేలకు తొంభై, వేగం తగ్గించుకోవడానికి మరో పది. అంటే 185 కిలోమీటర్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. 200, 185 కలిపితే 385. 455లో మిగిలింది 70 కిలోమీటర్లు, అయిదు నిమిషాల దారి. ఆ అయిదు నిమిషాల వేగాన్ని తీసుకుని మొత్తం ప్రయాణానికి పులిమితే 33 నిమిషాలు రాక ఏమవుతుంది? పైగా పది వేల అడుగుల కింద 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటకూడదన్న నియమం ఉంది. రెండు చివర్లా అది వర్తిస్తుంది.

రన్‌వేల దిక్కు కూడా లెక్కలోకి వస్తుంది. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. దేవనహళ్లి రన్‌వేలు రెండూ తూర్పు పడమరలుగా ఉన్నాయి. శంషాబాద్‌వీ అంతే. ప్రయాణం మాత్రం దక్షిణం నుంచి ఉత్తరానికి. కాబట్టి ఎగిరేటప్పుడు ఒక మలుపు, దిగేటప్పుడు ఒక మలుపు తప్పవు. గాలి ఎటు నుంచి వస్తే అటు ముఖం పెట్టి ఎగరాలి, దిగాలి. నైరుతి రుతుపవనాల కాలంలో పడమరకు, చలికాలంలో ఎక్కువగా తూర్పుకు. మలుపు ఎంత పెద్దదన్నది ఆ పూట రన్‌వేను బట్టి, ముందున్న విమానాల వరుసను బట్టి మారుతుంది. దానికితోడు విమానాలు నేరు గీత మీద పోవు, నిర్ణయించిన దారుల్లో, నిర్ణయించిన బిందువుల మీదుగా పోతాయి. దిగే చోట రద్దీ ఉంటే గాల్లోనే చుట్లు తిప్పుతారు. ఒక్కో చుట్టుకు నాలుగు నిమిషాలు. ఢిల్లీ, ముంబయి ప్రయాణాల్లో రెండు మూడు చుట్లు సామాన్యం.

మరి సామాన్యుడు సమయం ఎలా అంచనా వేసుకోవాలి? మేం వాడే లెక్క ఇది. జెట్ విమానమైతే కిలోమీటర్లను 800తో భాగించి, వచ్చిన గంటలకు 40 నిమిషాలు కలపాలి. హైదరాబాద్‌కు 34 నిమిషాలకు 40 కలిపితే గంటా 14 నిమిషాలు. విశాఖకు 58, 40 కలిపి గంటా 38. ఢిల్లీకి 128, 40 కలిపి 2 గంటల 48 నిమిషాలు. టికెట్ల మీద ఉండే సమయాలు వీటికి పది నిమిషాల లోపలే ఉంటాయి. రెక్కల మీద పంకాలు తిరిగే ఏటీఆర్ విమానమైతే 480తో భాగించి 30 నిమిషాలు కలపాలి. అదే హైదరాబాద్‌కు అప్పుడు గంటా 27 అవుతుంది. తిరుపతికి 55 నిమిషాలు. ఒకే మార్గంలో పొద్దున విమానానికి, సాయంత్రం విమానానికి పావుగంట తేడా ఉందంటే చాలాసార్లు కారణం ఇదే, విమానం రకం వేరు. టికెట్ పేజీలో విమానం రకం రాస్తారు కానీ చిన్న అక్షరాల్లో, అదీ రెండు మూడు చోట్ల నొక్కితే తప్ప కనబడదు.

గాలి సంగతి క్లుప్తంగా. విశాఖ మార్గం ఈశాన్యంగా పోతుంది కాబట్టి చలికాలంలో పడమటి గాలి పోయేటప్పుడు తోస్తుంది, వచ్చేటప్పుడు ఆపుతుంది. వానాకాలంలో పై ఎత్తుల్లో గాలి తిరగబడి తూర్పు నుంచి వీస్తుంది. భారత వాతావరణ శాఖ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1950లలో వివరించిన తూర్పు జెట్ ప్రవాహం మన దక్షిణాది మీదుగానే పోతుంది. 40 నాట్ల గాలి ఉందనుకుంటే విశాఖకు నాలుగైదు నిమిషాలు తగ్గుతుంది లేదా పెరుగుతుంది. హైదరాబాద్, ఢిల్లీ మార్గాలు ఉత్తర దక్షిణాలు కాబట్టి గాలి ప్రభావం తక్కువ.

ఇక బ్లాక్ టైమ్ కేవలం సమాచారం కాదు, హక్కుల కొలబద్ద. డీజీసీఏ నిబంధనల్లో సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4 చూడండి. ముందుగా చెప్పకుండా విమానం రద్దు చేస్తే పరిహారం బ్లాక్ టైమ్‌ను బట్టే ఉంటుంది. గంట వరకు రూ.5,000, గంట దాటి రెండు గంటల వరకు రూ.7,500, రెండు గంటలు దాటితే రూ.10,000. లేదా ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి ఎంతైతే అంత, రెండింటిలో ఏది తక్కువైతే అది. ఆలస్యమైతే తిండి, నీళ్లు ఇవ్వాల్సిన గడువు కూడా దీన్ని బట్టే. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటల ఆలస్యం, అయిదు గంటల లోపు ప్రయాణానికి మూడు గంటలు, మిగతావాటికి నాలుగు. అంటే హైదరాబాద్ విమానం రెండు గంటలు ఆలస్యమైతే తిండి అడగొచ్చు, ఢిల్లీ విమానానికి మూడు గంటలు ఆగాలి. ఈ సంగతి తెలిసి అడిగేవాళ్లు ఎందరు?

తిరుపతి, కర్నూలు లాంటి మార్గాల్లో బ్లాక్ టైమ్ గంట గీతకు ఆనుకునే ఉంటుంది. 60 నిమిషాలని రాస్తే ఒక పరిహారం, 65 అని రాస్తే ఇంకొకటి. ఆ సమయాన్ని నిర్ణయించేది విమాన సంస్థలే. ఆలస్యం కాకుండా చూపించుకోవడానికి కాస్త ఎక్కువ రాసుకోవడమూ ఉంది. షెడ్యూలుకు 15 నిమిషాల లోపల ఉంటే 'సకాలం' అని మీరే లెక్కగడతారు కాబట్టి పది నిమిషాలు కలిపి రాసుకున్న సంస్థ కాగితం మీద క్రమశిక్షణ గలదిగా కనిపిస్తుంది. దీన్ని మేం తప్పుబట్టడం లేదు. ఉదయం రద్దీలో రన్‌వే దాకా పాక్కుంటూ పోవడానికే ఇరవై నిమిషాలు పడుతున్నప్పుడు ఆ పది నిమిషాలు కలపకపోతే అవతల ఇంకో విమానం అందుకోవాల్సినవాడు నష్టపోతాడు. మేం కోరేది ఒక్కటే. ప్రతి మార్గానికీ గత మూడు నెలల్లో నిజంగా పట్టిన బ్లాక్ టైమ్ మధ్యస్థ విలువను షెడ్యూలు సమయం పక్కన వేయించండి. విమానం ఎప్పుడు కదిలింది, ఎప్పుడు ఆగింది అన్న వివరం ప్రతి విమానానికీ నమోదవుతూనే ఉంటుంది. కొత్తగా కొలవాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు నేల మీది సంగతి. మాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే.

చాలా సంస్థలు దేశీయ విమానాలకు చెక్-ఇన్ కౌంటరును 60 నిమిషాల ముందు మూసేస్తాయి, ఎక్కే ద్వారాన్ని 25 నిమిషాల ముందు. కాబట్టి సామాను ఉన్నవాళ్లు గంటన్నర ముందు విమానాశ్రయం గుమ్మంలో ఉండాలి. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి శుక్రవారం సాయంత్రం సిల్క్ బోర్డు, హెబ్బాళ దాటి దేవనహళ్లి చేరడానికి రెండు గంటలు వేసుకోవాలి, వాన పడితే రెండున్నర. అక్కడి నుంచి లెక్క. రోడ్డు రెండు గంటలు, లోపల గంటన్నర, విమానం గంటా పావు, దిగి సామాను తీసుకుని బయటపడడానికి అరగంట, శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి గంటా పావు. మొత్తం ఆరున్నర గంటలు. యశ్వంతపూర్ నుంచి కాచిగూడకు వందే భారత్ సుమారు ఎనిమిదిన్నర గంటలు. రాత్రి బస్సు తొమ్మిది పది గంటలు, కానీ నిద్రలో గడుస్తుంది, మడివాళలోనో మారతహళ్లిలోనో ఎక్కి మియాపూర్‌లో దిగొచ్చు. గంటా పావులో హైదరాబాద్ అన్న మాట నమ్మి పెళ్లి ముహూర్తానికి నాలుగు గంటల ముందు బయలుదేరేవాళ్లకు ఈ లెక్క ఎవరు చెప్పాలి? టికెట్ పేజీలో పికప్ పిన్‌కోడ్ అడిగి, ఆ గంటకు విమానాశ్రయం చేరడానికి పట్టే సమయం చూపించడం ఈ రోజుల్లో పెద్ద పని కాదు.

తిరుపతి సంగతి ఇంకా స్పష్టం. గాల్లో 204 కిలోమీటర్లు, రోడ్డు మీద 250. విమానం గంట లోపే. అయినా వైట్‌ఫీల్డ్ నుంచి దేవనహళ్లి, అక్కడ గంటన్నర, దిగి రేణిగుంట నుంచి తిరుపతి, మళ్లీ కొండ. కోలారు, చిత్తూరు మీదుగా కారులో పోయేవాడు అప్పటికే అలిపిరిలో ఉంటాడు. 300 కిలోమీటర్ల లోపు మార్గాల్లో విమానం వల్ల కలిసొచ్చేది ఏమీ లేదని మేం నిర్మొహమాటంగా చెబుతాం, అమ్మేవాళ్లమైనా సరే. అవతల ఇంకో విమానం అందుకోవాల్సినవాళ్లకు మాత్రం లెక్క వేరు.

రోడ్డు లెక్క తిరగబడే చోట్లూ ఉన్నాయి. హిందూపురం, పెనుకొండ, మదనపల్లె వాళ్లకు దేవనహళ్లి నగరానికి ఇవతలే తగులుతుంది. బెంగళూరు ట్రాఫిక్ చూడకుండానే విమానం ఎక్కొచ్చు. అనంతపురం నుంచి బాగేపల్లి మీదుగా 190 కిలోమీటర్ల దగ్గర, నాలుగు వరుసల దారి. హెబ్బాళ దగ్గర ఇరుక్కున్న దక్షిణ బెంగళూరు మనిషి కంటే హిందూపురం మనిషి నిశ్చింతగా చేరతాడు. వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వాళ్లు హెబ్బాళ వైపు పోకుండా బూదిగెరె దారిలో వెనక నుంచి చేరొచ్చు, దూరమూ సమయమూ కలిసొస్తాయి.

మంత్రి గారూ, మీకు బాగా తెలిసిన ఉదాహరణ చెబుతాం. విశాఖ విమానాలు భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి మారితే బెంగళూరు నుంచి ఎగిరే దూరం 40 కిలోమీటర్లకు పైగా పెరుగుతుంది. గాల్లో అది మూడు నాలుగు నిమిషాలు, టికెట్ మీద కనిపించేది అంతే. నేల మీద చూడండి. ఇప్పటి విమానాశ్రయం గాజువాక వాళ్లకు పక్కనే ఉంది. భోగాపురం విశాఖ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, ఊరు దాటి పోవాలి కాబట్టి వాళ్లకు గంటకు పైగా పెరుగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు మాత్రం విశాఖ దాకా రావడం తప్పుతుంది, శ్రీకాకుళం మనిషికి గంట దాకా తగ్గుతుంది. ఒకే విమానం, ఒకే మార్గం. ఒకరికి ప్రయాణం పెరిగింది, ఒకరికి తగ్గింది. 'బెంగళూరు-విశాఖ 1 గంట 40 నిమిషాలు' అన్న ఒక్క అంకెలో ఈ రెండూ కనిపించవు.

మధ్యలో ఒక ఊళ్లో ఆగే టికెట్లలో ఇంకో రకం తికమక. బెంగళూరు-రాజమండ్రి నేరుగా 619 కిలోమీటర్లు. హైదరాబాద్ మీదుగా పోతే 455, 360 కలిపి 815. కొన్ని పేజీలు ఛార్జీ పక్కన 619 చూపిస్తాయి, సమయం మాత్రం ఆగే సమయంతో కలిపి అయిదు గంటలు చూపిస్తాయి. అంత దూరానికి అంతసేపా అని జనం అడుగుతారు. ఎగిరే సమయం, ఆగే సమయం విడివిడిగా రాయాలి. రెండు టికెట్లు వేరువేరు బుకింగులైతే మొదటి విమానం ఆలస్యానికి రెండోది పోతే ఎవరూ బాధ్యులు కారన్నది పెద్ద అక్షరాల్లో రాయాలి.

గల్ఫ్ వెళ్లేవాళ్ల గురించి ఒక మాట రాయకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ పోయే చాలామంది బెంగళూరులోనో చెన్నైలోనో విమానం ఎక్కుతారు. బెంగళూరు-కువైట్ సుమారు 3,540 కిలోమీటర్లు, అయిదు గంటల పైన. టికెట్ మీద బయలుదేరేది 02:00, చేరేది 04:40 అని ఉంటే రెండు గంటల నలభై నిమిషాల ప్రయాణం అనుకుంటారు. చేరే సమయం అక్కడి గడియారానిది, కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక. కలిపితే అయిదు గంటల పది నిమిషాలు. ఇంతకంటే నష్టం చేసేది తేదీ. 15వ తేదీ 00:40కి విమానం అంటే 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకల్లా విమానాశ్రయంలో ఉండాలి. 15 రాత్రి అనుకుని ఒక రోజు ఆలస్యంగా వచ్చేవాళ్లకు టికెట్ డబ్బు పోతుంది, చేరాల్సిన గడువు దాటితే ఉద్యోగమే చేజారొచ్చు. రాత్రి 12 నుంచి 4 మధ్య బయలుదేరే ప్రతి టికెట్ మీదా 'ఫలానా రోజు రాత్రి ఇన్ని గంటలకు విమానాశ్రయానికి రండి' అని మాతృభాషలో ఒక లైను తప్పనిసరి చేయండి. డీజీసీఏ ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది.

విమాన సంస్థల షెడ్యూళ్లు ఏటా రెండుసార్లు మారతాయి. మార్చి చివరి ఆదివారం వేసవి షెడ్యూలు, అక్టోబరు చివరి ఆదివారం శీతాకాల షెడ్యూలు. రాబోయే షెడ్యూలుతోపాటే, కనీసం తెలుగు రాష్ట్రాల నుంచి బెంగళూరు, చెన్నైలకు నడిచే మార్గాలకైనా విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి నేరు దూరం, షెడ్యూలు బ్లాక్ టైమ్, నిజంగా పట్టిన బ్లాక్ టైమ్, విమానం రకం, ఆ మార్గానికి వర్తించే పరిహారం శ్లాబు ఒకే వరుసలో ఉన్న పట్టిక డీజీసీఏ వెబ్‌సైట్‌లో తెలుగులోనూ పెట్టాలని కోరుతున్నాం. దూరాల లెక్క మేం వేసి ఉంచాం. సరిచూసుకోవడానికి మీ అధికారులు అడిగితే ఆ రోజే పంపిస్తాం.

ఇట్లు,
బెంగళూరులో విమాన టికెట్ల పని చేస్తున్న తెలుగువారు